మడ అడవి విలువ లెక్కలోకి రావాలి

ఉప్పల్‌లో గజం స్థలం ఎంతో ఆటో నడిపేవాళ్ళను అడిగినా చెబుతారు. నాచారం పారిశ్రామికవాడలో షెడ్డు అద్దె ఎంతో టీకొట్టు దగ్గరే తెలిసిపోతుంది. కాకినాడ పక్కన కోరంగి మడ అడవి ఏటా ఎంత నష్టాన్ని ఆపుతోందో, ఎన్ని కుటుంబాలకు కూడు పెడుతోందో మాత్రం ఎవరినడిగినా చెప్పలేరు. ఈ లోటు తీరప్రాంతం ఒక్కదానిదే కాదు, హైదరాబాద్‌ది కూడా.

ఉప్పల్, నాచారంల వాననీరు, మురుగు చివరికి మూసీకే చేరతాయి. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ ముఖద్వారం చుట్టూ ఉన్నవి మడ అడవులే.

తీరానికి కాపు అనగానే ప్రపంచమంతా పగడపు దిబ్బల గురించి మాట్లాడుతుంది. అవి సగటున అల శక్తిలో 97 శాతాన్ని విరిచేస్తాయని 2014లో వచ్చిన ఓ అధ్యయనం లెక్కగట్టింది. మన దేశంలో అవి మన్నార్ సింధుశాఖలో, లక్షద్వీప్‌లో, అండమాన్‌లో, కచ్ తీరంలో ఉన్నాయి. పగడానికి తేటైన ఉప్పునీరు కావాలి కాబట్టి గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రు, మంచినీళ్ళు దానికి సరిపడవు. మడకు ఆ ఒండ్రే ఆధారం. అందుకే తెలుగు తీరానికి కాపు మడ అడవే.

ఆ కాపు విలువ ఎంతో ఒడిశా చూపించింది. 1999 మహా తుపాను తర్వాత భితర్కనిక దగ్గరి ఊళ్ళలో పరిశోధకులు ఇంటింటి నష్టం లెక్కేశారు. 2005లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం మడ చాటున ఉన్న ఊళ్ళో ఇంటికి సగటున 33 డాలర్ల నష్టం జరిగింది. మడ లేకుండా మట్టికట్టను నమ్ముకున్న ఊళ్ళో అది 154 డాలర్లు. డబ్బు పోసి కట్టిన కట్ట కంటే దానంతటదే మొలిచిన అడవి బాగా కాపాడింది! కేంద్రపడా జిల్లాలో మడ పట్టీ వెడల్పుగా ఉన్న ఊళ్ళలో మరణాలు కూడా తగ్గాయని 2009లో మరో అధ్యయనం తేల్చింది. 1996 నవంబరు తుపానులో కోనసీమ ఏం పోగొట్టుకుందో గుర్తున్నవారికి ఈ అంకెలు చాలు.

తుపాను లేని రోజుల్లోనూ మడ పని ఆగదు. ఉప్పుటేళ్ళలో దాని వేళ్ళ మధ్యే రొయ్య పిల్లలు, పీతలు, చేప పిల్లలు ఎదుగుతాయి. కోరంగి చుట్టుపక్కల మత్స్యకారుల వల నిండడం వాటి మీదే ఆధారపడి ఉంది.

ఇంత చేసే అడవిని మనం ఖాళీ జాగాగా చూస్తున్నాం. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ళ స్థలాల కోసం మడను కొట్టి మట్టి పోశారు, వివాదం జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్ళింది. పేదలకు ఇల్లు కావాల్సిందే. అయితే తుపాను గండమున్న చోట కాపును నరికి ఇచ్చే స్థలం ఎవరికి మేలు? ఎగువన ఆనకట్టలది ఇంకో దెబ్బ. 1970లలో ఏటా సుమారు 14.5 కోట్ల టన్నులుగా ఉన్న గోదావరి ఒండ్రు 1990లకు 5.7 కోట్ల టన్నులకు పడిపోయిందని 2004లో పరిశోధకులు తేల్చారు.

అందుకే మడ భూమిని మరో పనికి ఇచ్చే ప్రతి దస్త్రంలో అది చేసే సేవల ఖరీదు రాయాలి. మూసీ శుద్ధి ఖర్చుకు ఎదురుగా నగర ఆరోగ్యంతో పాటు దిగువ డెల్టాకు కలిగే మేలునూ చూపాలి. నాచారం కార్ఖానాల వ్యర్థజలాల తనిఖీ నివేదికలు హంసలదీవి మత్స్యకార సంఘాలకూ అందాలి.