నూట ఇరవై ఇటుకలు

మా నారపల్లికి చుట్టాలు వస్తే నాకు తప్పని కొలువొకటుంది. వాళ్ళను ఉప్పల్ మీదుగా తీసుకుపోయి సాలార్‌జంగ్ మ్యూజియం చూపించాలి. మేలిముసుగు రెబెక్కా ముందు నిలబడి, పాలరాతిలో అంత పల్చని ముసుగు ఎట్లా చెక్కాడో గదా అని ఆ ఇటలీ శిల్పి బెంజోనీని ఎన్నిసార్లు మెచ్చుకున్నానో లెక్కలేదు. కళ అంటే చేతి పనితనమని అరవయ్యేళ్ళు నిశ్చింతగా నమ్మినవాణ్ణి.

అటువంటి నన్ను, లండన్ వెళ్ళినప్పుడు మా అబ్బాయి టేట్ మోడరన్‌కు తీసుకుపోయాడు. థేమ్స్ నది ఒడ్డున పాత విద్యుత్కేంద్రాన్ని 2000లో మ్యూజియంగా తెరిచారు. ఒక గదిలో నేలమీద ఇటుకలు పేర్చి ఉన్నాయి. మరమ్మతు జరుగుతోంది కాబోలునని పక్కనుంచి పోబోయాను.

"నాన్నా, చూడాల్సింది అదే!" అన్నాడు.

కార్ల్ ఆండ్రి అనే అమెరికా శిల్పి పని అది. కొలిమి వేడికి తట్టుకునే ఇటుకలు 120. ఒకవైపు ఆరు, ఇంకోవైపు పది, రెండు వరసలు. సున్నం లేదు, సిమెంటు లేదు. ఎత్తు జానెడైనా లేదు. 1972లో టేట్ వారు కొన్నారు. 1976లో పత్రికలు పట్టుకుని, ప్రజల సొమ్ముతో ఇటుకలా అని ఒకటే గోల. ఎవరో నీలిరంగు కూడా పోశారట. రంగు పోయడం తప్పేగాని, గోలచేసిన వారి పక్షమే నేనూ.

అబ్బాయి నచ్చచెప్పాడు. 1966లో న్యూయార్కులో పెట్టినవి ఇట్లాంటివి ఎనిమిదట. ప్రతిదానిలో 120 ఇటుకలే. పొడవు వెడల్పులే వేరు. అందుకే 'ఈక్వివలెంట్' అని పేరు.

"అవే చుక్కలతో ఎనిమిది ముగ్గులన్నమాట," అంది మా ఆవిడ.

బాగానే ఉంది. కాని ఒక్క ముగ్గు చూపించి తక్కిన ఏడూ ఊహించుకోమంటే ఎట్లా? నా ఫిర్యాదు ఇప్పటికీ అదే. అయితే అక్కడే బెంచీమీద కూలబడ్డాక, అంచులూ, సందుల్లోని సన్నటి నీడలూ ఒక్కొక్కటే కంటికి ఆనాయి. రెబెక్కా ముందు శిల్పిని మెచ్చుకుంటాం. ఇక్కడ మెచ్చుకోవడానికి శిల్పి చేయి కనపడదు, ఇటుకే ఉంది. ఇల్లు కట్టించిన రోజుల్లో వేలకొద్దీ దింపించాను గాని, ఒక్కదాన్నీ అట్లా చూసిన పాపాన పోలేదు.

ఇంకో సంగతి చెప్పాడు. మొదటి ఇటుకలు అమ్ముడుపోక ఆండ్రి వాటిని బట్టీకి తిరిగి ఇచ్చేశాడట. 1969లో మళ్ళీ చేయబోతే ఆ బట్టీయే మూతపడిందట. అందుకని ఈ కొలిమి ఇటుకలు.

"మన దొడ్లో ఉన్నవి ఎన్నుంటాయండీ?" అంది మా ఆవిడ.

అవి పైన అబ్బాయికి గది వేద్దామని, వాడు లండన్ వెళ్ళకముందు కొన్నవి. రేకు కింద దొంతిగా అట్లాగే ఉన్నాయి. వాడు విన్నాడో లేదో, పక్క గదిలోకి నడిచాడు.

తిరిగొచ్చిన నెలకు మా తాపీమేస్త్రి వచ్చి, పక్కవీధిలో ప్రహరీకి ఆ ఇటుకలు ఇస్తారా అని అడిగాడు. అబ్బాయిని అడిగి చెబుతామంది మా ఆవిడ. ఆదివారం ఫోనులో అడిగాను.

"ఇంకా ఉన్నాయా నాన్నా అవి?" అన్నాడు.

ఆవిడ ఫోను అందుకుని, అన్నం తిన్నావా అని అడిగింది.