పాస్‌వర్డ్ కరెక్టే, లోపలికి రానివ్వదే!

మొన్న రాత్రి తొమ్మిదింటికి తణుకు నుంచి మా పిన్ని కూతురు ఫోన్. "అన్నయ్యా, వెబ్ ఆప్షన్లకి రేపే ఆఖరు. లాగిన్ కొడుతుంటే మళ్ళీ లాగిన్ పేజీయే వస్తోంది. ఏం చెయ్యాలో తెలీట్లేదు!" అప్పటికే పాస్‌వర్డ్ మూడుసార్లు మార్చేసిందట.

"తప్పు అని ఏమన్నా చూపిస్తోందా?"

"ఏమీ లేదన్నయ్యా."

అయితే పాస్‌వర్డ్‌ని వదిలెయ్యమన్నా. అది తప్పయితే సైట్ మామూలుగా మొహమ్మీదే చెప్తుంది. ఏమీ అనకుండా వెనక్కి పంపిస్తోందంటే నా అనుమానం కుకీ మీదే. వెబ్‌కి మతిమరుపెక్కువ. ఈ పేజీలో మనమెవరో చెప్పినా, తర్వాతి పేజీలో గుర్తుండదు. అందుకే 1994లో నెట్‌స్కేప్ ఇంజనీరు లూ మాంటుల్లి కుకీని తెచ్చాడు. సినిమా మధ్యలో బయటికెళ్తే గేటు దగ్గర ఇచ్చే పాస్ లాంటిదది. పాస్ పాతదైనా, పోయినా మళ్ళీ టికెట్ అడుగుతారు.

ఇన్‌కాగ్నిటోలో ట్రై చెయ్యమన్నా. వెళ్ళిపోయింది! అంటే గొడవ పాత కుకీలదే. మామూలు ట్యాబ్‌లో, అడ్రస్ పక్కనున్న గుర్తు నొక్కించి ఆ ఒక్క సైట్ డేటా తీయించా. కంగారులో బ్రౌజర్‌లోని కుకీలన్నీ తుడిచేయకండి బాబూ, మిగతా సైట్లన్నింట్లోనూ మళ్ళీ లాగిన్ అవ్వాలి. ఇన్‌కాగ్నిటోలోనూ అదే తంతయితే సెట్టింగ్స్‌లో కుకీలు బ్లాక్ చేశారేమో, ఫోన్లో తేదీ, టైమ్ సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి.

పదకొండున్నరకి ఆప్షన్లు సేవ్ అయినట్టు స్క్రీన్‌షాట్ పంపింది. మొదటి ఆప్షన్ నేను చదివిన కాలేజీ కాదు. సరేలే.