బండి ఘాటు ఎక్కకపోతే టర్బో పోయినట్టేనా?

ఈ రోజు మిరప గురించి కాదు, కారు గురించి రాస్తున్నా. మన ఊళ్ళల్లో సెకండ్ హ్యాండ్ డీజిల్ కార్లు బాగా పెరిగినయ్. అందుకని నా అనుభవం మీకు పనికొచ్చిద్దనుకుంటున్నా.

మొన్న కార్తీక మాసంలో వినుకొండ నుంచి మార్కాపురం, దోర్నాల మీదగా శ్రీశైలం బయల్దేరాం. నేను, మా ఇంటావిడ, వాళ్ళక్క, మా తోడల్లుడు. దోర్నాల దాకా ఏ ఇబ్బందీ లేదు. ఘాటు మొదలయ్యాక బండి మూడో గేరులో గుంజట్లా. రెండులోకి తెస్తే ఇరవై దాటట్లా. కాలు మొత్తం నొక్కినా అంతే. వెనక బస్సాయన ఒకటే హారను. మా తోడల్లుడు "దిగి నెట్టమంటావా తమ్ముడూ" అని ఎగతాళి. ఏసీ ఆపి, ఎట్టాగో శిఖరం దాటించా.

తిరిగొచ్చాక ఒక షెడ్డుకి తీసుకుపోయా. ఆయన బానెట్ ఎత్తి, రెండు సార్లు రేజ్ చేసి, "టర్బో పోయింది, 38 వేలు అయిద్ది" అన్నాడు. బండి ఎక్కి చూడలేదు, ఎక్కడ ఆగింది అని కూడా అడగలేదు. నాకు నచ్చనిది ఇదే. కొండ మీద కనపడే జబ్బు షెడ్డులో నిలబెట్టిన బండికి ఎట్టా కనపడిద్ది?

ఒక లెక్క చూడండి. మనుషులతో కలిపి 1500 కిలోల బండి. మట్టం రోడ్డు మీద గంటకి 36 కిలోమీటర్ల స్పీడుతో పోవాలంటే మూడు నాలుగు హార్స్ పవర్ చాలు. అదే స్పీడుతో వంద మీటర్లకి పది మీటర్లు లేచే వాలు ఎక్కాలంటే, బరువుని పైకి లేపటానికే ఇంకో 20 హార్స్ పవర్ కావాలి. అంటే మన 5 హార్స్ పవర్ బోరు మోటార్లు నాలుగు! నేల మీద సగం బలంతో నెట్టుకొచ్చే బండి బండారం ఘాటులో బయటపడిద్ది.

డ్రిప్ వేసినోళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఫిల్టరు పూడుకున్నా ఒక వాల్వు తెరిస్తే నీళ్ళు బాగానే వస్తయ్. రెండో వాల్వు కూడా తెరిచామంటే చివరి మొక్కకి చుక్క రాదు. అప్పుడు మోటారు పోయిందని కొత్త మోటారు కొంటామా? ముందు ఫిల్టరు విప్పి కడుగుతాం. డీజిల్ ఫిల్టరు కూడా అచ్చం అంతే.

మా ఊళ్ళో ట్రాక్టర్లు బాగుచేసే కుర్రాడు ఒకడున్నాడు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని కోటప్పకొండ ఘాటు ఎక్కించా. సగం దారిలోనే వాడు మూడు ప్రశ్నలు అడిగాడు. "ఆర్‌పీఎం ముల్లు లేస్తందా బాబాయ్?" లేవట్లేదురా అన్నా. ముల్లు లేచి బండి లేవకపోతే క్లచ్ జారుతున్నట్టంట, కాలిన వాసన కూడా వచ్చిద్దంట. "వెనక నల్ల పొగ ఉందా?" అద్దంలో చూశా, లేదు. నల్ల పొగ ఉంటే డీజిల్ సరిగానే వస్తంది, గాలే చాలట్లేదు. ఎయిర్ ఫిల్టరు పూడుకోవటమో, టర్బో నుంచి వచ్చే గొట్టం చిట్లటమో అయ్యుంటది. గొట్టం చిట్లితే బుస్సుమని చప్పుడు కూడా వచ్చిద్ది. "ఇంజను లైటు వెలిగిందా?" లేదు. వెలిగితే స్కానరు పెట్టించి కోడు చదివించుకోవాల్సిందే, కొత్త బండ్లు తేడా వస్తే వాటంతటవే బలం తగ్గించుకుంటయ్. పొగ లేదు, ముల్లు లేవదు, లైటు లేదు అంటే డీజిల్ అందట్లేదని వాడి లెక్క. పైకి పోయినాక నాలుగు చక్రాలూ చెయ్యి దగ్గర పెట్టి చూశాడు. ఒక్క చక్రమే కాలిపోతంటే బ్రేకు పట్టేసినట్టంట.

కిందకొచ్చి ఫిల్టరు విప్పితే నీళ్ళు, నల్లటి జిగురు. కొత్తది 700 రూపాయలు. ట్యాంకు కూడా దించి కడిగాడు.

తప్పు ఎవరిదో కూడా చెప్పాలిగా. నాదే. ట్రాక్టరుకని తెచ్చిన డీజిల్ డ్రమ్ము వానాకాలమంతా రేకుల కింద సగం ఖాళీగా పెట్టా. చెమ్మ పట్టి అడుగున నీళ్ళు చేరినయ్. బంకుకి పోవటానికి బద్ధకమేసి రెండు సార్లు అదే కారులో పోశా. మిరప కళ్ళాల దగ్గర, పత్తి తీసే చోట తిరిగే బండ్లకి ఎయిర్ ఫిల్టరు కూడా తొందరగా పూడుకుంటది, పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఆగకండి.

కొందరు "కొండ మీద గాలి పలచన, అందుకే బండి గుంజదు" అంటారు. టర్బో లేని ఇంజనుకి అది నిజమే, వెయ్యి మీటర్లు ఎక్కితే 10 శాతం దాకా బలం తగ్గిద్ది. కానీ మన శ్రీశైలం దారిలో శిఖరం కూడా అంత ఎత్తు లేదు. ఆ మాట లడఖ్ పోయినప్పుడు చెప్పుకుందాం.

మెకానిక్కులందరినీ తప్పు పట్టట్లేదు. 2021లో మిరపకి నల్ల తామర పురుగు వచ్చినప్పుడు మనమేం చేశాం? పువ్వు విప్పి చూడకుండా, షాపులో ఇచ్చిన మందల్లా కలిపి కొట్టాం. నేను కూడా కొట్టా. జబ్బు తెలియకుండా సామాను మార్చటం అట్టాంటిదే. అందుకే మీ బండి షెడ్డుకి పోతే, "టర్బో చూడు" అని మీరే పేరు పెట్టి చెప్పబాకండి. "ఫలానా వాలు దగ్గర, ఫలానా గేరులో, ముల్లు ఇక్కడుంది, పొగ ఇట్టా ఉంది" అని చెప్పండి. ఎక్కి చూడమనండి. రానంటే ఇంకో షెడ్డు చూసుకోండి.

శివరాత్రికి మళ్ళీ కోటప్పకొండ పోవాలి. డ్రమ్ము మాత్రం బోర్లించి పెట్టా.