సుడిదోమ పిలుపు
కార్తికమాసపు రాత్రులలో దివిసీమ గట్లపై కీచురాళ్ళు చేయు రొద మగవాని స్వయంవర ప్రకటన యనియు, ముందుకాళ్ళలో చెవులు గల ఆడుది దానిని విని వరుని వరించుననియు చాలమంది యెరుగుదురు. గుడివాడ, మచిలీపట్నము ప్రాంతముల రైతును కుంగదీయు సుడిదోమ ప్రణయభాష మాత్రము మన చెవి కందునది కాదు. వరిదుబ్బు మొదట, నీటికి కొంచెము పైగా వసించు ఈ యల్పజీవులలో ఆడుది తన యుదరమును కంపింపజేయగా, ఆ కంపనము గాలిలోనికి గాక కాండముగుండా, ఒకదానినొకటి తాకుచున్న మొక్కలగుండా ప్రసరించి మగవానిని చేరును; అతడు బదులు పలుకుచు ఆమెను వెదకికొనుచు వచ్చును. ఆ పిలుపులలోను బదులులలోను గల లయ దేశభేదమునుబట్టి మారుననియు, ఆడుది తనవారి లయకే మొగ్గుననియు శాస్త్రజ్ఞులు గమనించిరి.

ఇంతటి సంభాషణ సాగుచున్న పొలములో మనమో, సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొట్టి, దోమను భక్షించు సాలెపురుగులను చంపి, దోమనే పెంచుచున్నాము! ఇటలీలో ద్రాక్షతోటల ఆధారపు తీగెలకు కంపనయంత్రములు తగిలించి, దీపపుపురుగుల సంగమమును భంగపరచు ప్రయోగములు జరిగినవి. వరికి అట్టి ఆధారపు తీగె లేదు, నిజమే. అయినను రెండు మీటర్ల కొక కాలిబాట విడువుడని గాలి వెలుతురులకై చెప్పు సలహా, ఈ వార్తామార్గమును గూడ త్రుంచునేమో పరీక్షించుట మన పరిశోధన స్థానములకు మించిన వ్యయము కాదు.