మార్కుల పట్టికను చదువుట యెట్లు?

పదవ తరగతి పరీక్షాఫలితములు వెలువడిన దినమున మన విజయనగరమున ఏ వీథికి పోయినను ఒకే ప్రశ్న వినవచ్చును: "ఎన్ని మార్కులు?" సమాధానము దొరకినతోడనే సంభాషణ ముగియును. 600 లకు 540 వచ్చిన యింట మిఠాయి. 230 వచ్చిన యింట మౌనము. ఆ మొత్తము ఏ ప్రశ్నల వలన వచ్చినది, ఏ ప్రశ్నలయొద్ద పోయినది అని అడుగువారు మిక్కిలి అరుదు. పది సంవత్సరముల చదువునకు సాక్ష్యముగా వచ్చిన పట్టికను ఒక్క నిమిషములో చూచి పెట్టెలో దాచుచున్నాము. మార్కులు బాలునకు వెల కట్టుటకు గాక వానికి ముందుదారి చూపుటకు వినియోగపడవలెననియు, అందులకు వానిని బాలుడింకను బడిలో నుండగనే చదువవలెననియు నా మనవి.

ఈ యాలోచన క్రొత్తది కాదు. మన ప్రాంతము మద్రాసు రాజధానిలో చేరియున్న కాలమున మెట్రిక్యులేషను పరీక్షయే పై చదువునకు వాకిలిగా నుండెను. ఆ వాకిట రెండే మాటలు: గెలిచినవాడు, తప్పినవాడు. 1911 నాటికి దాని స్థానమున ఎస్.ఎస్.ఎల్.సి. పద్ధతి వచ్చెను. ఇందు విద్యార్థికి ఒక చిన్న పుస్తక మీయబడెడిది. అందు సర్కారు పరీక్ష మార్కులే గాక, పాఠశాల పై తరగతులలో వానికి వచ్చిన మార్కులును వ్రాయబడుచుండెను. కళాశాలాధ్యక్షుడైనను, ఉద్యోగ మిచ్చువాడైనను తనకు గావలసిన పుటను చూచుకొని బాలుని శక్తిని గ్రహించునని ఉద్దేశము. ఉద్దేశము చక్కనిదే. కాని లోకము ఆ పుస్తకమునుండి ఒక్క మాటనే యేరుకొనెను: కళాశాలకు "ఎలిజిబులా", కాదా? పుస్తక మంతయు నుండగా తుది మాట మాత్రమే చదువుట మనకు నాటినుండి వచ్చిన యలవాటు.

ఆ పద్ధతిలో దేశభాషా వ్యాసరచనకు స్థానము కలుగగనే, పిల్లవాడు ఏ తెలుగున వ్రాయవలెనను వివాదము చెలరేగెను. గిడుగు రామమూర్తి పంతులుగారును, మన మహారాజా కళాశాలలో అధ్యాపకులుగా నుండిన గురజాడ అప్పారావుగారును వ్యావహారికమునకై పోరాడిరి. అప్పారావుగారు 1914 లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు సుదీర్ఘమైన అసమ్మతిపత్రమును సమర్పించిరి. (గ్రాంథికమున వ్రాయుచు ఆ మహనీయులను తలచుట కొంత విడ్డూరమే, ఈ సంచిక సంప్రదాయ మట్టిది.) ఆ వివాదమునుండి మన విషయమునకు పనికివచ్చు ప్రశ్న యొకటి కలదు. పరీక్ష కొలిచినది బాలుని జ్ఞానమునా, లేక వానికి పరిచయములేని భాషనా? మార్కును చదువుటకు ముందు ఈ ప్రశ్న వేసికొనక తప్పదు.

ఒక యుదాహరణము చూడుడు. గణితమున ఇట్లడిగితిమనుకొందము: "ఒక వర్తకుడు ముద్రిత వెలపై నూటికి 20 వంతున తగ్గించి యొక వస్తువును 960 రూపాయలకు అమ్మెను. ముద్రిత వెల యెంత?" సరియైన సమాధానము 1200. ఒక బాలిక 960 కే నూటికి 20 కలిపి 1152 అని వ్రాసినది. మరియొక బాలుడు పద్ధతి సరిగానే పట్టి, భాగహారమున తప్పి 1300 అని వ్రాసెను. మూడవవాడు "ముద్రిత వెల" యనగా నేమో తెలియక తావు ఖాళీగా విడిచెను. మార్కు ముగ్గురికిని పోయినది. కాని రోగము ముగ్గురికిని ఒకటి కాదు. మొదటి యామెకు శాతము దేనిమీద కట్టవలెనో మరల బోధింపవలెను. రెండవవానికి పాఠ మక్కరలేదు, లెక్కలు చేయు అభ్యాసము కావలెను. మూడవవానికి కావలసినది మాట యొక్క అర్థము. ముగ్గురిని ఒక గదిలో కూర్చుండబెట్టి సాయంకాలము రెండు గంటలసేపు అదే యధ్యాయమును మరల చెప్పినచో ఒకరికే మేలు కలుగును. ఇద్దరికి నిద్ర వచ్చును.

కనుక ఉపాధ్యాయుడు చేయవలసిన మొదటి పని ప్రశ్నవారీ లెక్క. నలువది జవాబు కాగితములు దిద్దిన పిమ్మట ప్రతి ప్రశ్నకును ఎందరు తప్పిరో ఒక గీతల కాగితముమీద గుర్తింపవలెను. నలువదిలో ముప్పదిమంది తప్పినచో ఆ లోపము పిల్లలది కాదు, బోధనది. ఆ పాఠమును మరియొక రీతిని చెప్పవలెను. ముగ్గురే తప్పినచో ఆ మువ్వురిని పిలిచి మాటాడిన చాలును. తక్కిన ప్రశ్నలన్నిటను గట్టిగా నున్న పిల్లలు ఏ యొక్క ప్రశ్నయందో తప్పి, బలహీనులు దానినే సరిగా వ్రాసిరా, అప్పుడు ప్రశ్ననే శంకింపవలెను. దీనికి యంత్రము లక్కరలేదు, పెన్సిలు చాలును.

ఇక పెద్ద సంఖ్యల మాట. 2022 లో మన జిల్లానుండి ముఖ్యభాగము విడివడి యేర్పడిన పార్వతీపురం మన్యము జిల్లా, పదవ తరగతి ఫలితములలో 2023, 2024, 2025 సంవత్సరములు వరుసగా రాష్ట్రమున ప్రథమస్థానము పొందినది. ఉత్తీర్ణులు క్రమముగా నూటికి 87.47, 96.37, 93.90. 2025 లో రాష్ట్రపు సంఖ్య 81.14 మాత్రమే. కొండలలోని పల్లెలనుండి వచ్చిన పిల్లలు రాజధాని ప్రాంతపు పిల్లలను మించుట మన కందరికిని గర్వకారణము, సందేహము లేదు. అయినను ఆ సంఖ్య యొక్క పని యంతవరకే. అట్లే 2021 నవంబరు 12 వ తేదీని జరిగిన జాతీయ సాధన సర్వేయు, 2024 డిసెంబరు 4 వ తేదీని 3, 6, 9 తరగతులకు జరిగిన పరఖ్ సర్వేయు కొందరు పిల్లలను మాత్రమే పరీక్షించి జిల్లాల స్థితిని తెలిపినవి. అవి ప్రభుత్వమునకు కావలసిన కొలతలు. మీ కుమారుడు భిన్నములలో ఎచ్చట జారుచున్నాడో అవి చెప్పవు, చెప్పుటకు ఏర్పడినవియు కావు.

ఉత్తీర్ణత యను మాటను నమ్మి మోసపోవు తల్లిదండ్రులకు ముఖ్యముగా ఒక సంగతి విన్నవింపవలయును. మన విజయనగరము, శ్రీకాకుళము జిల్లాల యువకులు సైన్యములో చేరుటకు తెల్లవారుజామున మైదానములలో పరుగిడుట మనము నిత్యము చూచుచున్నదే. 2022 లో ప్రారంభమైన అగ్నివీరుల నియామకమున సాధారణ సిపాయి పనికి పదవ తరగతిలో ప్రతి విషయమునను 33, మొత్తముమీద నూటికి 45 రావలెను. ప్రతి విషయమునను సరిగా 35 తెచ్చుకొన్న బాలుడు 600 లకు 210 తో ఉత్తీర్ణుడే. కాని యా పనికి కావలసినది 270. పైగా 2023 నుండి పరుగుకంటె ముందు వ్రాతపరీక్ష వచ్చినది. కాళ్లకు శిక్షణ యిచ్చుకొన్న బాలునకు తాను 60 మార్కుల దూరమున నున్నానని పదవ తరగతి ముగిసిన పిదప తెలిసి ప్రయోజనమేమి? తొమ్మిదవ తరగతిలో తెలిసియుండినచో రెండు విషయములలో ముప్పదేసి మార్కులు పెంచుకొనుట యసాధ్యము కాదు.

పాలిటెక్నిక్కులో చేరగోరు బాలికకు దీనికి విపర్యయము. ఆ ప్రవేశపరీక్షలోని 120 ప్రశ్నలును గణిత, భౌతిక, రసాయన శాస్త్రములనుండియే యుండును. తెలుగు, హిందీ, సాంఘిక శాస్త్రములచే మొత్తము 500 దాటిన పిల్ల అచ్చట తడబడవచ్చును; 430 వచ్చినను గణితమున దిట్టయైన పిల్ల దాటిపోవచ్చును. మొత్తమును చూచి దారి నెన్నుకొనుట, బరువును చూచి చెప్పుల కొలత చెప్పుట వంటిది. ఎచ్చెర్లవద్ద నున్న రాజీవ్ గాంధీ సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణమున మాత్రము పదవ తరగతి మార్కులే ప్రవేశమునకు ఆధారము. అచ్చట వసతిలేని ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి నూటికి 4 వంతున కలుపు నియమము కలదు. మార్కును అది సంపాదింపబడిన పరిస్థితులతో కలిపి చదువుటకు ఇది యొక మంచి యుదాహరణమని నా యభిప్రాయము.

1905 లో పారిసు నగరమున ఆల్ఫ్రెడ్ బినే యనునతడు బాలుర బుద్ధిని కొలుచు ప్రశ్నలను కూర్చెను. ఏ పిల్లలకు ప్రత్యేకమైన సహాయము కావలయునో కనుగొనుటయే యతని తలంపు. ఆ కొలతయే పిమ్మట ఇతరదేశములలో మనుష్యులను మేలుజాతి, తక్కువజాతి యని వేరుచేయుటకు వాడబడెను. మన పట్టణమున నిలువెత్తు పలకలమీద తపాలాబిళ్లలంత ముఖములతో "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు" అని చాటు ప్రకటనలను చూచునప్పుడెల్ల నాకు ఆ చరిత్ర జ్ఞప్తికి వచ్చుచుండును. అచ్చట కనబడని ముఖముల లెక్క యెవరును ప్రకటింపరు.

కావున మార్కుల లెక్క గోడమీద వ్రాయదగినది కాదు. అది బాలునకు, వాని తల్లిదండ్రులకు, వాని ఉపాధ్యాయునకు మాత్రమే చెందిన పత్రము. దానినిబట్టి ఉపాధ్యాయుని జీతమునో, బదిలీనో నిర్ణయించుటయు తగదు. అట్లు చేసిననాడు అంకెలు పెరుగును, చదువు పెరుగదు.

మన పాఠశాలలో ఎనిమిదవ తరగతినుండి ప్రతి విద్యార్థికిని ఒక నోటుపుస్తక ముంచవలెనని సూచించుచున్నాను. అర్ధసంవత్సర పరీక్ష ముగియగనే అందు మూడు సంగతులు వ్రాయవలయును: ఏ యధ్యాయములలో తప్పెను, ఏ విధమైన తప్పు, తాను ఏమి కాదలచుచున్నాడు. మూడవదానిని బాలుడే తన చేతితో వ్రాయవలెను. సంవత్సర సంవత్సరము మార్చుకొనినను దోషము లేదు. సంక్రాంతి సెలవులకు ముందు తల్లియో తండ్రియో వచ్చి ఉపాధ్యాయునితో పది నిమిషములు కూర్చుండి ఆ పుటను చూడవలెను. చదువురాని తల్లికి బాలుడే చదివి వినిపింపవచ్చును.

ఉపాధ్యాయులకు ఇప్పటికే పని యెక్కువయని కొందరందురు. అది నిజము. అందుచే అన్ని తరగతులను, అన్ని విషయములను ఒక్కమారు పట్టవలదు. ఈ యేడు ఎనిమిదవ తరగతి గణితముతో ఆరంభింపుడు. ఒక్క ప్రశ్నపత్రము, ఒక్క మధ్యాహ్నము, ఒక గీతల కాగితము. ఆ లెక్కలో ఏమి కనబడినదో వచ్చు సంచికలో ఆ తరగతి ఉపాధ్యాయులే, పిల్లల పేర్లు విడిచి, మనకు వ్రాయుదురుగాక.