దీపము లేని మోటారు సైకిళ్లు

అయ్యా,

మా హోసూరు ప్రాంతమున చీకటి పడినపిదప దీపము లేకయే పరుగెత్తు మోటారు సైకిళ్లు కనబడుచున్నవి. 2017 ఏప్రిల్ నుండి తయారైన బండ్లకు ఇంజను నడచినంతసేపు దీపము వెలుగవలెనను నిబంధన కలదు. కాని పాడైన దీపమును నిబంధన వెలిగించదు గదా!

దీపము ఆరగానే మొత్తము హెడ్‌లైటు మార్చవలెనని కొందరు మెకానిక్కులందురు. అంతకు ముందు ఇంటివద్దనే చూడదగినవి కొన్ని గలవు. డిమ్ము, బ్రైటులలో ఒక్కటియే వెలుగకున్న సాధారణముగా బల్బులోని ఆ ఫిలమెంటు తెగియుండును. రెండును వెలుగకున్న ఫ్యూజు, బల్బు వెనుక కనెక్టరు, ఎర్తు వైరు చూడవలెను. మసకగా వెలిగిన ఎర్తు వైరు వదులో, తుప్పో కావచ్చును. బల్బులు మాటిమాటికి పోవుచున్న రెగ్యులేటరును పరీక్ష చేయించవలెను. హాలోజెన్ బల్బు గాజును వ్రేళ్లతో తాకరాదు. జిడ్డు అంటినచోట వేడి హెచ్చి బల్బు త్వరగా పోవును. ఎల్‌ఇడి దీపములకు మాత్రము మెకానిక్కే దిక్కు.

పోయిన ఫ్యూజుకు బదులు రాగితీగ చుట్టుట, 35 వాట్ల చోట అంతకు మించిన బల్బు బిగించుట కూడని పనులు. మొదటిదానితో వైర్లు కాలును. రెండవదానితో ఎదుట వచ్చువాని కండ్లు చెదరును.

కుమారులకు బండ్లు కొనియిచ్చు తండ్రులు ఈపాటి పరిజ్ఞానము కూడ ఇచ్చిన, ఎన్నో ప్రాణములు దక్కును.

ఇట్లు,
ఒక రిటైర్డు గుమాస్తా,
హోసూరు.