ఎక్కడానికి మెట్లు, దిగడానికి దారి

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ రెండింటినీ మించిన కష్టం మరొకటి ఉన్నది. అది కాపురమున్న ఇంటిలో, పొయ్యి ఆరకుండా, పునాదిరాళ్లను మార్చడం. నేటి కంప్యూటర్ రంగంలో కొందరు ఏటేటా చేస్తున్న పని అదే. భాషాబోధకులమైన మాకు ఈ విషయంతో ఏమి పని అని విద్యార్థులు అడుగవచ్చు. మా తరగతిలో పద్యం చదివిన వారిలో పలువురు రేపు ఆ పనికి పోయేవారే. పైగా మేము చెప్పబోయే ప్రమాదానికి మూలం ఒక మాట. మాట సంగతి వచ్చినప్పుడు తెలుగు పంతులు మౌనంగా ఉండలేడు.

ముందుగా విషయాన్ని కొంత వివరించవలసి ఉన్నది. ఒక కార్యక్రమాన్ని, దానికి కావలసిన సరంజామాతో సహా ఒకే పెట్టెలో సర్దినట్లు సిద్ధం చేస్తే దానిని కంటైనర్ అంటారు. ఇట్టి కంటైనర్లను పలు యంత్రాలపై పంచి, ఒకటి ఆగిపోతే దాని స్థానంలో మరొకదానిని నిలిపి, అన్నింటినీ ఒకే కుటుంబంగా నడిపే వ్యవస్థ కుబర్నెటీస్. ఈ గ్రీకు పదానికి చుక్కాని పట్టేవాడు అని అర్థం. గూగుల్ సంస్థ 2014లో దీనిని లోకానికి ఉచితంగా వెల్లడించింది. ఇట్లా కలిసి పనిచేసే యంత్రాల సమూహమే క్లస్టర్. తొలినాళ్లలో క్లస్టర్‌ను నెలకొల్పడం ఎంతో ప్రయాసతో కూడిన పని. ఆ ప్రయాసను తగ్గించడానికి 2016లో క్యూబ్‌ఏడీఎం అనే సాధనం వచ్చింది. ఒక ఆజ్ఞతో మొదటి యంత్రం సిద్ధమవుతుంది. మరొక ఆజ్ఞతో తక్కిన యంత్రాలు వచ్చి చేరుతాయి. 2018 డిసెంబరులో వెలువడిన 1.13 సంచికతో అది సాధారణ వినియోగానికి తగినదని నిర్మాతలు ప్రకటించారు.

ఈ సాధనాన్ని నిందించడం మా ఉద్దేశం కాదు. నిర్మాతలు దానిని ఎంత శ్రద్ధతో దిద్దుకుంటూ వస్తున్నారో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. క్లస్టర్ జ్ఞాపకమంతా ఎట్సీడీ అనే భాండారంలో ఉంటుంది. అందులోని సభ్యులు అధికసంఖ్యాకుల సమ్మతితోనే ఏ నిర్ణయమైనా చేస్తారు. ఒక్కరే ఉన్నచోట రెండవ సభ్యుడు చేరితే, ఇక ఇద్దరి సమ్మతీ కావాలి. చేరినవాడు లేచి నిలువకపోతే మొదటివాని పని కూడ స్తంభిస్తుంది. ఈ చిక్కును గుర్తించి, కొత్త సభ్యుడిని మొదట ఓటు లేని శిష్యుడిగా చేర్చి, పాఠమంతా వంటబట్టిన తరువాతనే ఓటు ఇచ్చే పద్ధతిని ప్రవేశపెట్టారు. 2023 డిసెంబరు నాటి 1.29 సంచిక నుండి ఎవరూ కోరకుండానే ఈ పద్ధతి అమలులో ఉన్నది. గురుకులానికి తగిన వివేకమిది!

అయితే నెలకొల్పడం ఒక ఎత్తు, నిలుపుకొనడం మరొక ఎత్తు. కుబర్నెటీస్ సంచికలు ఏడాదికి మూడు వస్తున్నాయి. ఒక్కొక్క సంచికకు సుమారు 14 నెలలు మాత్రమే ఆదరణ ఉంటుంది. మెట్లు దాటవేసి ఎక్కడం కుదరదు. ప్రతి మెట్టుపైనా కాలు మోపవలసిందే. క్యూబ్‌ఏడీఎం యంత్రాల పరస్పర గుర్తింపు కోసం ఇచ్చే ధ్రువపత్రాల గడువు మామూలుగా ఒక సంవత్సరం. మెట్టు ఎక్కినప్పుడల్లా అవి వాటంతట అవే కొత్తవవుతాయి. ఏడాది పాటు ఎక్కకుండా, విడిగా పునరుద్ధరించకుండా ఊరకున్నవానికి ఒక ఉదయం తన క్లస్టర్ తన ఆజ్ఞనే తిరస్కరిస్తుంది. 2024లో వచ్చిన 1.31 సంచిక నుండి ఈ గడువును మార్చుకొనే వీలు కలిగింది. అది మంచి పనే. కాని గడువు పెంచడం వేరు, గడువు ముగియబోతున్నదని ముందుగా హెచ్చరించడం వేరు.

ఇక ఆ మాట కథ. 2023 మార్చి 14న రెడిట్ అనే ప్రసిద్ధ సంస్థ తన క్లస్టర్‌ను 1.23 నుండి 1.24 మెట్టుకు ఎక్కించింది. సేవ కుప్పకూలింది. కోలుకొనడానికి 314 నిమిషాలు పట్టింది. కారణమేమిటి? క్లస్టర్‌ను నడిపించే యంత్రాలకు పూర్వం ‘మాస్టర్’ అనే పేరుచీటీ ఉండేది. ఆ పదం ఉచితం కాదని తలచి, దానికి బదులు ‘కంట్రోల్ ప్లేన్’ అనే పేరు పెట్టారు. 2020 డిసెంబరు నాటి 1.20 సంచికలోనే ఈ మార్పును ప్రకటించారు. 1.24లో పాత చీటీని తొలగించారు. ఆ సంస్థలో యంత్రాల మధ్య మార్గాలను నిర్ణయించే ఒక అమరిక మాత్రం ఇంకను ‘మాస్టర్’ కోసమే వెదకుతున్నది. ఆ పేరుగల యంత్రం ఒక్కటీ దొరకలేదు. దారులన్నీ మూసుకుపోయినవి.

మన రాష్ట్రంలో 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినవి. పాత దస్తావేజులలో తాలూకా పేరే ఉన్నది. మన గుమాస్తా మనిషి కనుక, తాలూకా అన్నచోట ఏ మండలమో విచారించి పని నడిపించగలడు. యంత్రానికి ఆ ఇంగితం లేదు. దానికి పేరు మారితే మనిషి మాయమైనట్లే.

మా అభిప్రాయం ఇక్కడనే ఉన్నది. క్యూబ్‌ఏడీఎం మెట్టు ఎక్కే ముందు ఏ భాగం ఏ సంచికకు మారుతుందో పట్టిక వేసి చూపుతుంది. పాత అమరికల ప్రతిని ఒక మూల భద్రపరుస్తుంది. ఏదైనా భాగం లేచి నిలువకపోతే పాతదానిని తిరిగి నిలుపుతుంది కూడ. కాని తన భాగాలన్నీ చక్కగా లేచి నిలిచి, ప్రమాదం ఇతరుల అమరికలో సంభవిస్తే దాని దృష్టి అక్కడికి పోదు. ఎక్కిన మెట్టు దిగడానికి కుబర్నెటీస్‌లో అంగీకృతమైన మార్గం కూడ లేదు. రెడిట్ వారు చివరకు భద్రపరచిన ప్రతి నుండి క్లస్టర్‌ను పునరుద్ధరించుకొనవలసి వచ్చింది. అందుకై వారు వ్రాసి పెట్టుకున్న విధానం కూడ పాతకాలపు సంచికను ఉద్దేశించినదే.

కనుక సాధనానికి మూడు సంస్కారాలు అవసరమని మేము భావిస్తున్నాము. మొదటిది, ఎక్కే ముందు క్లస్టర్ అంతటినీ చదివి, రాబోయే సంచికలో లేని పేరును ఎవరెవరు ఇంకను వాడుతున్నారో నిర్వాహకునికి చూపడం. రెండవది, ధ్రువపత్రాల గడువును అడిగినప్పుడు మాత్రమే కాక, సమీపించినప్పుడు తానే చెప్పడం. మూడవది, ఎట్సీడీ ప్రతిని తీసి, అది తిరిగి పనిచేయునని పరీక్షించిన తరువాతనే మెట్టెక్కవలెనని పట్టుబట్టడం.

సాధనం చిన్నదిగా ఉండడమే దాని సుగుణమని, తక్కినది ఇతరుల బాధ్యత అని కొందరు వాదిస్తారు. ఈ వాదంలో సత్యం లేకపోలేదు. అన్ని పనులూ నెత్తిన వేసుకున్నవాడు ఏ పనీ చేయలేడు. కాని మేము కోరుతున్నది కొత్త పనులు కాదు, ఉన్న పనిలో ముందుచూపు. ధనవంతులు పెద్ద సంస్థలకు అద్దె చెల్లించి ఈ బాధ్యతను వారికి అప్పగించగలరు. సొంత యంత్రాలపై ఆధారపడే చిన్న సంస్థలకు, విద్యాలయాలకు ఈ ఉచిత సాధనమే దిక్కు. హెచ్చరిక ఎక్కువగా కావలసినది కూడ వారికే.

మా పూర్వవిద్యార్థి ఒకడు మొన్న సెలవులకు వచ్చి, ఇట్టి మార్పు ఒకటి వికటించిన రాత్రి తన అనుభవాన్ని చెప్పాడు. "నెలకొల్పడం నేర్పారు సార్, వెనుకకు రావడం ఎవరూ నేర్పలేదు" అన్నాడు. ఆ మాట మమ్ములను నేటికీ వదలలేదు.

యాజమాన్య సంఘం వారికి మా విన్నపం ఒకటి. ఈ సాధనంతో క్లస్టర్ నెలకొల్పడానికి కొత్త యంత్రాలు అక్కరలేదు. నడిపించే యంత్రానికి రెండు గిగాబైట్ల మెమరీ, రెండు సీపీయూలు ఉంటే చాలును. ప్రయోగశాలలో పక్కన పెట్టిన పాత కంప్యూటర్లను మూడింటిని విద్యార్థులకు అప్పగించండి. వారు నెలకొల్పి, మెట్టెక్కించి, బుద్ధిపూర్వకంగా చెడగొట్టి, తిరిగి నిలబెట్టడం నేర్చుకుంటారు. విద్యార్థులారా! మీరు చేసిన ప్రతి పనినీ తెలుగులోనో ఉర్దూలోనో వ్రాసి పెట్టండి. ఆ వ్రాతను ఏటేటా సరిచూచి దిద్దండి. ఈ సాధనం స్వచ్ఛందంగా పనిచేసేవారి చేతిలో పెరుగుతున్నది. లోపాన్ని చూపి, సవరణను పంపే హక్కు మీకు కూడ ఉన్నది.

మెట్లు కట్టినవాని నేర్పును లోకం మెచ్చుకుంటుంది. చీకటిలో దిగవలసి వచ్చినవాడు మాత్రం గోడకు పట్టు ఉన్నదా అని తడుముతాడు. ఆ పట్టు అమర్చే చేతులలో మన కళాశాల విద్యార్థి చేయి కూడ ఉండవలెనని మా ఆకాంక్ష.